ట్రైనర్ స్క్రీన్ నిండా అంకెలే: వేటిని చూడాలి, వేటిని వదిలేయాలి?

ప్రశ్న క్లుప్తంగా: మీది గుంటూరు బ్రాడీపేట, వయసు 43, బరువు 82 కిలోలు. సెకండ్ హ్యాండ్‌లో స్మార్ట్ ట్రైనర్ (సైకిల్‌ని బిగించి ఇంట్లోనే తొక్కుకునే, యాప్‌తో కలిసి పనిచేసే యంత్రం) కొన్నారు. యాప్ టెస్టులో ఎఫ్‌టీపీ (గంటసేపు నిలబెట్టగల పవర్ అంచనా) 180 వాట్లు వచ్చింది. డిసెంబరులో 200 కిలోమీటర్ల బ్రెవే (ఇచ్చిన సమయంలోపు ముగించాల్సిన దూరపు సైకిల్ రైడు) పూర్తి చేయాలని, బరువు కూడా తగ్గాలని ఉంది. తీరా సైకిలెక్కితే పవర్, స్పీడు, కేడెన్స్ (నిమిషానికి పెడల్ ఎన్నిసార్లు తిరిగిందో), హార్ట్ రేటు, క్యాలరీలు, టీఎస్‌ఎస్ (ట్రైనింగ్ భారానికి యాప్ వేసే అంకె), ఎడమ కుడి కాళ్ల బ్యాలెన్సు అంటూ స్క్రీన్ నిండా అంకెలే. దేన్ని చూస్తూ తొక్కాలో తెలియక టెన్షన్ పడుతున్నారు. బీపీకి రోజూ ఒక మాత్ర వేసుకుంటున్నట్టు చివర్లో ఒక ముక్క రాశారు.

ముందు జవాబు చెప్పేస్తాను. తొక్కేటప్పుడు చూడాల్సినవి మూడు: పవర్, హార్ట్ రేటు, ఒంటికి ఎంత కష్టంగా ఉందో పదికి మీరే వేసుకునే మార్కు. దిగాక రాసుకోవాల్సినవి రెండు: ఎన్ని నిమిషాలు తొక్కారు, గదిలో ఎంత వేడి ఉంది. మిగతావన్నీ స్క్రీన్ మీద నుంచి తీసేయండి. యాప్ ఎలాగూ వాటిని దాచి ఉంచుతుంది, కావాలంటే నెలకోసారి తీరిగ్గా చూసుకోవచ్చు.

నేను విజయవాడలో చాలాకాలంగా ట్రైనర్ మీద తొక్కుతున్నాను, కొందరితో తొక్కిస్తున్నాను. ఎవరు ఏ అంకె గురించి అడిగినా నేను ఎదురు అడిగేది ఒకటే: అది పెరిగినా తగ్గినా రేపు మీరు చేసే పనిలో ఏమైనా మారుతుందా? మారితే ఉంచుకోండి. మారకపోతే అది కాలక్షేపం. కాలక్షేపం తప్పనడం లేదు, గోడకేసి చూస్తూ గంటసేపు తొక్కడం మామూలు విసుగా! కాకపోతే దాన్ని ట్రైనింగ్ లెక్కలో వేసుకోకూడదు.

పవర్ ఎందుకు ముందు?

పవర్ అంటే మీ కాళ్లు ఈ క్షణంలో చేస్తున్న పని, వాట్లలో. రాత్రి నిద్ర సరిగ్గా పట్టకపోయినా, బయట ఎండ మండిపోతున్నా దానికి పట్టదు. జనవరిలో 120 వాట్లు, మేలో 120 వాట్లు ఒకటే పని. మిగతా అంకెలన్నిటికీ అర్థం వచ్చేది దీని పక్కన పెట్టి చూసినప్పుడే.

మీరు కొన్నది సెకండ్ హ్యాండ్ కాబట్టి ఒక జాగ్రత్త. వెనక టైరు రోలర్ మీద ఆనే రకమైతే, టైరులో గాలి తగ్గినా, రోలర్ బిగింపు మారినా చూపించే వాట్లు మారిపోతాయి. ప్రతిసారీ ఒకే ప్రెషర్‌కి గాలి కొట్టండి. పది నిమిషాలు తొక్కి ట్రైనర్ వేడెక్కాక యాప్‌లో స్పిన్‌డౌన్ (వేగంగా తొక్కి వదిలేస్తే, రోలర్ ఆగడానికి పట్టే సమయాన్ని బట్టి ట్రైనర్ తన వాట్లని సరిచేసుకునే పద్ధతి) చేయండి. ఎక్కీ ఎక్కగానే చేస్తే ఉపయోగం ఉండదు. చక్రం ఊడదీసి చైన్ నేరుగా తగిలించే డైరెక్ట్ డ్రైవ్ రకమైతే ఈ గొడవ బాగా తక్కువ. సాధారణంగా కంపెనీలు డైరెక్ట్ డ్రైవ్‌కి 1 నుంచి 2.5 శాతం, రోలర్ రకానికి 3 నుంచి 5 శాతం వరకు తేడా ఉండొచ్చని చెబుతాయి. అంటే రోలర్ రకం మీద మీరు నిజంగా తొక్కింది 200 వాట్లయితే స్క్రీన్ మీద 190 కనిపించొచ్చు, 210 కనిపించొచ్చు. దానికి కంగారు అక్కర్లేదు. పోయిన నెల మీరెక్కడున్నారు, ఈ నెల ఎక్కడున్నారు అన్నదే మీకు కావాలి. అదే ట్రైనర్, అదే సెట్టింగ్ అయితే ఆ పోలిక చెల్లుతుంది. ఫ్రెండ్ ట్రైనర్ మీద వచ్చిన అంకె తెచ్చి మీ అంకె పక్కన పెడితే మాత్రం చెల్లదు.

ఇంకో చిన్న మార్పు ఇవాళే చేయండి. పవర్‌ని క్షణక్షణానికి చూపించే సెట్టింగ్ ఉంటే మూడు సెకన్ల సగటుకి మార్చండి. లేకపోతే 95, 148, 110 అంటూ అంకె గంతులేస్తుంటే దాని వెనక మీరు పరిగెత్తాల్సి వస్తుంది.

ఎఫ్‌టీపీ అంటే సుమారు గంటసేపు నిలబెట్టగల గరిష్ఠ పవర్. రోజూ చూసే అంకె కాదిది. మీకు వచ్చిన 180 నుంచి మనం తీసుకోవాల్సింది జోన్లు, అంటే ఎంత కష్టానికి ఎన్ని వాట్లు అనే అంచెలు మాత్రమే. బ్రెవేకి పనికొచ్చే ఎండ్యూరెన్స్ జోన్ 56 నుంచి 75 శాతం, అంటే మీకు 101 నుంచి 135 వాట్లు. వారంలో ఎక్కువ భాగం మీరు ఉండాల్సింది ఆ మధ్యలోనే. మళ్లీ టెస్టు ఆరు నుంచి ఎనిమిది వారాలకి ఒకసారి చాలు. మీరు చేసింది వాట్లు మెట్లు మెట్లుగా పెంచుకుంటూ పోయే ర్యాంప్ టెస్టే అయి ఉంటుంది. అందులో బాగా తొక్కిన చివరి ఒక్క నిమిషం పవర్‌లో 75 శాతాన్ని ఎఫ్‌టీపీగా తీసుకుంటారు. షటిల్, క్రికెట్ లాంటివి ఆడి కాళ్లలో ఒక్కసారిగా పుంజుకునే బలం ఉన్నవాళ్లకి ఈ పద్ధతిలో కొంచెం ఎక్కువే వస్తుంది. 130 వాట్ల దగ్గరే ఆయాసం వస్తుంటే ఆ 180ని నమ్మకండి. 20 నిమిషాలు శక్తికొద్దీ తొక్కి, సగటులో 95 శాతం తీసుకునే టెస్టు చేసుకోండి. అయితే బీపీ ఉంది, నలభై దాటింది కాబట్టి శక్తికొద్దీ చేసే ఏ టెస్టుకైనా ముందు డాక్టరు గారికి చూపించుకోండి. ఇది మాట వరసకి అంటున్నది కాదు.

అర్గ్ మోడ్‌లో ఉంటే చూడాల్సిన అంకె మారిపోతుంది

ఈ సంగతి చాలామందికి ఎవరూ చెప్పరు. అర్గ్ మోడ్‌లో ట్రైనరే పెడల్ బిగువు సర్దుతూ మీకు నిర్ణయించిన వాట్ల దగ్గర పట్టి ఉంచుతుంది. మీరు మెల్లగా తొక్కితే బిగిస్తుంది, జోరు పెంచితే వదులుతుంది. అంటే స్క్రీన్ మీద కనిపించే ఆ 120 మీ ఘనత కాదు, యంత్రం పెట్టింది. అలాంటప్పుడు పవర్‌ని తదేకంగా చూసి ఏం లాభం? అర్గ్‌లో ఉన్నంతసేపూ పవర్ స్థానంలో కేడెన్స్ పెట్టుకోండి, పక్కన హార్ట్ రేటు.

ఎందుకంటే అలసటకి మొదట లొంగేది కేడెన్సే. 88 దగ్గర తిరుగుతున్న కాళ్లు 80కి వస్తాయి. ట్రైనర్ బిగిస్తుంది. కాళ్లు 70కి పడతాయి, ఇంకా బిగిస్తుంది. ఆఖరికి తడి సిమెంటులో దిగబడ్డట్టు పెడల్ కదలదు. బిగుసుకున్నాక బలవంతంగా తొక్కితే మోకాళ్ల మీద పడుతుంది. కాబట్టి 80 దాటి కిందికి జారుతోందని గమనించగానే ఒక అర నిమిషం అర్గ్ ఆపేసి, కాళ్లని తేలిగ్గా తిప్పి మళ్లీ మొదలుపెట్టండి.

అర్గ్ లేకుండా తొక్కేటప్పుడు కేడెన్స్ గురించి పెద్దగా ఆలోచించనక్కర్లేదు. 80 నుంచి 95 మధ్యలో మీకు హాయిగా ఉన్న చోట ఉండండి. 90 అంటే 90 ఉండి తీరాలన్న నియమం ఏదీ లేదు.

హార్ట్ రేటు, మన ఊళ్ల వేడి

అసలు మన ప్రాంతంలో ఇండోర్ ట్రైనింగ్ అంటే ఇదే పెద్ద అధ్యాయం. చల్లటి దేశాలవాళ్లు చేసిన వీడియోల్లో ఫ్యాన్ సంగతి ఒక్క మాటలో తేల్చేస్తారు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే చోట ఉన్నవాళ్లం మనం. మనకి అది ఒక్క మాటతో తేలదు.

బయట రోడ్డు మీద గంటకు 25 కిలోమీటర్ల స్పీడులో వెళ్తుంటే ఎదురుగాలి చెమటని ఆరబెడుతుంది. గదిలో ఆ గాలి లేదు. ఒళ్లు చల్లబడాలంటే రక్తం చర్మం వైపు ఎక్కువగా పరుగెత్తాలి, చెమటతో ఒంట్లో నీరూ తగ్గుతూ ఉంటుంది. రెండూ కలిసేసరికి కాళ్లు అదే పని చేస్తున్నా గుండె మాత్రం నిమిష నిమిషానికీ ఎక్కువ కొట్టుకుంటుంది.

పటమటలో ఒకాయన బ్యాంకు ఉద్యోగి. ఫిబ్రవరిలో 120 వాట్ల దగ్గర గంట తొక్కితే హార్ట్ రేటు 130 చుట్టూ ఉండేది. మే వచ్చేసరికి అవే వాట్లకి మొదటి అరగంట సగటు 130, రెండో అరగంట సగటు 142. "స్టామినా పోయిందండీ, ఇంకా ఎక్కువ తొక్కాలేమో" అని వచ్చారు. ఆయన గదికి వెళ్లి చూశాను. కిటికీలు మూసేసి ఎయిర్ కూలర్ పెట్టుకున్నారు! మూసిన గదిలో కూలర్ అంటే తేమని లోపలికి తోడి పోయడమే. అసలే మనది సముద్రానికి దగ్గరగా ఉన్న ప్రాంతం, ఉక్క ఎక్కువ. గాలిలో అంత తేమ ఉంటే చెమట ఆరదు, నేల మీదికి కారిపోతుంది. హ్యాండిల్ కింద మ్యాట్ మీద మడుగు కట్టి ఉంది, హ్యాండిల్ మెడ దగ్గరి (హెడ్‌సెట్) బోల్టుల మీద అప్పుడే ఉప్పు తెల్లగా పేరుకుంటోంది. కూలర్ తీయించి, ఏసీ వేసి, పెద్ద పెడస్టల్ ఫ్యాన్‌ని సైకిల్‌కి ఎదురుగా, ఛాతీకి సూటిగా తగిలేలా పెట్టించాం. అవే వాట్లకి మొదటి సగం 130, రెండో సగం 134కి వచ్చింది. పవర్‌ని హార్ట్ రేటుతో భాగించి రెండు సగాలనీ పోలిస్తే మొదట 8 శాతానికి పైగా ఉన్న జారుడు 3 శాతానికి దిగింది. ఫిట్‌నెస్‌లో తేడా ఏమీ లేదు. తేడా గదిలోదే.

అందుకే గది టెంపరేచరు రాసుకోమన్నాను. యాప్‌లు సాధారణంగా దాన్ని అడగవు, కానీ మన దగ్గర హార్ట్ రేటు అంకె అర్థం కావాలంటే అది పక్కన ఉండాల్సిందే. తేమ కూడా చూపించే చిన్న డిజిటల్ థర్మామీటర్ ఒకటి గోడకి తగిలించండి. వేడి, తేమ దాదాపు ఒకేలా ఉన్న రోజులనే ఒకదానితో ఒకటి పోల్చుకోండి. అప్పుడు ఒక సగానికీ ఇంకో సగానికీ జారుడు 5 శాతం లోపుంటే ఆ పవర్ దగ్గర మీ దమ్ము కుదురుకుంటోందని అర్థం. ఇక సమయం పెంచుకోవచ్చు.

తెల్లవారుజామున తొక్కితే సరిపోతుంది కదా అంటారు. వేడి తగ్గుతుంది నిజమే, కానీ గాలిలో తేమ శాతం ఆ వేళే ఎక్కువ. పైగా ఎండాకాలంలో పైఅంతస్తు గది అయితే స్లాబు రాత్రంతా వేడి కక్కుతూనే ఉంటుంది. ఎన్నింటికి తొక్కినా ఫ్యాన్ తప్పదు. కరెంటు పోతే ట్రైనర్ ఆగిందని బాధపడకండి, ఫ్యాన్ ఆగింది కాబట్టి మీరూ దిగేయండి.

కొలిచే పరికరం విషయానికొస్తే ఛాతీకి కట్టే స్ట్రాప్ వాడండి. మణికట్టు వాచీ హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నప్పుడు తడబడుతుంది. స్ట్రాప్ కూడా పొడిగా ఉంటే, ముఖ్యంగా ఏసీ గదిలో, మొదటి ఐదు నిమిషాలు పిచ్చి అంకెలు చూపిస్తుంది. కట్టుకునే ముందు ఎలక్ట్రోడ్లని నీళ్లతో తడపండి.

ఇక 220లోంచి వయసు తీసేసే లెక్క. మీకు 177 వస్తుంది. అది జనాభా మొత్తానికి సగటు లెక్క. ఒక్కో మనిషి దగ్గరికొచ్చేసరికి పది, పన్నెండు అటూ ఇటూ మామూలుగా ఉంటుంది. దాని మీద జోన్లు కట్టుకోకండి.

మీ మాత్ర సంగతి

ఇది మీరు చివర్లో రాశారు, నిజానికి ముందే చెప్పాల్సింది. బీపీ మాత్రల్లో బీటా బ్లాకర్లు అనే రకం ఉంది. మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటివి. ఇవి గుండె వేగాన్ని తగ్గించి ఉంచుతాయి. అవి వేసుకునేవాళ్లకి ఎంత గట్టిగా తొక్కినా హార్ట్ రేటు ఒక స్థాయి దాటి పెరగదు. స్క్రీన్ మీద 118 చూసి తేలిగ్గానే ఉందనుకుంటారు, ఒళ్లు మాత్రం హూనమైపోతుంది. మీది ఆ రకమే అయితే హార్ట్ రేటు జోన్లని పూర్తిగా పక్కన పెట్టి పవర్‌నీ, మీ మార్కునీ నమ్ముకోండి. వేరే రకమైతే పైన చెప్పినదంతా మామూలుగానే వర్తిస్తుంది. ఏ రకమైనా సరే, అంకెలు బాగుండాలని మాత్ర మానడం, వేళ మార్చడం చేయొద్దు. తొక్కేటప్పుడు గుండెలో పట్టేసినట్టున్నా, కళ్లు తిరిగినా ఏ అంకెనీ చూడకుండా దిగిపోయి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

పదికి మార్కు

స్వీడన్‌కి చెందిన గునార్ బోర్గ్ అనే శాస్త్రవేత్త ఒంటికి తెలిసే కష్టాన్ని 6 నుంచి 20 వరకు అంకెల్లో చెప్పే స్కేలు తయారుచేశారు. ఇప్పుడు ఎక్కువమంది వాడేది పదికి వేసే పద్ధతి. ఫోన్లో బావమరిదితో ఆగకుండా కబుర్లు చెప్పగలిగితే 3. నాలుగు మాటలకోసారి ఊపిరి తీసుకోవాల్సి వస్తే 5 లేదా 6. "ఊఁ, ఆఁ" తప్ప నోరు పెగలకపోతే 8.

ఇంత ఖరీదు పెట్టి ట్రైనర్ కొన్నది మనసుకి తోచిన మార్కు వేసుకోవడానికా అని అనిపించవచ్చు. కానీ మిగతా రెండు అంకెల మధ్య తగువు వచ్చినప్పుడు తీర్పు చెప్పేది ఇదే. పవర్ 120, హార్ట్ రేటు మామూలు కంటే పది ఎక్కువ, మార్కు 3 అయితే అది గది వేడో, ఎక్కే ముందు తాగిన స్ట్రాంగ్ కాఫీనో అయి ఉంటుంది, కొనసాగించండి. అదే 120కి హార్ట్ రేటు పెరిగి, మార్కు కూడా 6కి వచ్చిందంటే నిద్ర చాలలేదో, జ్వరం రాబోతోందో. ఆ రోజుకి ఆపేయడమే తెలివి. దిగిన పది నిమిషాల తర్వాత మొత్తానికి ఒక మార్కు వేయండి. దిగీ దిగగానే వేస్తే చివరి ఐదు నిమిషాల కష్టమే అందులో కనిపిస్తుంది.

మీ బ్రెవేకి అసలైన అంకె నిమిషాలు

200 కిలోమీటర్ల బ్రెవేకి ఇచ్చే సమయం 13 గంటల 30 నిమిషాలు. టిఫినుకి, టీకి, పంక్చర్‌కి ఆగినదంతా కలిపి. అంటే సగటున గంటకు 15 కిలోమీటర్ల లోపే. ఈ లెక్క చూస్తే అక్కడ మిమ్మల్ని ఓడించేది వాట్లు తక్కువవడం కాదని తెలిసిపోతుంది. సీటు మీద అన్ని గంటలు కూర్చోలేకపోవడం, తిన్నది ఇమడకపోవడం, మెడ పట్టేయడం, ఇవీ మనుషుల్ని ఆపేవి. కాబట్టి వారానికి మొత్తం ఎన్ని నిమిషాలు తొక్కారన్నది ఫ్రిజ్ మీద అతికించుకునే అంకె. ఇప్పుడు వారానికి మూడు గంటలుంటే మెల్లమెల్లగా పెంచండి, మూడు నాలుగు వారాలకోసారి ఒక వారం తగ్గించండి. ట్రైనర్ పెద్దగా అటూ ఇటూ ఊగదు, అందుకే సీటు నొప్పి రోడ్డు మీద కంటే త్వరగా వస్తుంది. పది నిమిషాలకోసారి లేచి నిలబడి కాసేపు తొక్కండి. ఆదివారం పొడవు రైడు మాత్రం బయటే చేయండి, అమరావతి రోడ్డు మీకు దగ్గరే కదా. చేతిలో అరటిపండు పట్టుకుని తొక్కుతూ తినడం గదిలో ఎవరూ నేర్చుకోలేరు.

వదిలేయమన్నవి ఎందుకు వదిలేయాలంటే

స్పీడు: గదిలో సైకిల్ కదలదు. యాప్ చూపించే స్పీడు మీ పవర్, బరువు, బొమ్మ రోడ్డు ఎత్తుపల్లాలు కలిపి కట్టిన లెక్క. బరువు దగ్గర 82 బదులు 72 కొడితే ఎత్తు రోడ్డు మీద మీ స్పీడు ఒక్కసారిగా పెరిగిపోతుంది. యాప్‌లో 31 చూసి మురిసిపోయినవాళ్లు కరకట్ట మీద ఎదురుగాలిలో 22 చూసి దిగులు పడటం నాకు అలవాటైన దృశ్యం.

క్యాలరీలు: బరువు కూడా తగ్గాలన్నారు కాబట్టి చెబుతున్నాను. వాచీ చెప్పేది వదిలేసి కిలోజౌళ్లు చూడండి. 120 వాట్లతో గంట తొక్కితే 432 కిలోజౌళ్లు. మనిషి ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో సుమారు నాలుగో వంతు, ఇంకా తక్కువే, పెడల్‌కి చేరుతుంది. తిండి లెక్కలో ఒక క్యాలరీ అంటే 4.18 కిలోజౌళ్లు. ఈ రెండూ ఇంచుమించు కొట్టేసుకుంటాయి కాబట్టి కిలోజౌళ్ల అంకెనే క్యాలరీల అంకెగా తీసుకోవచ్చు. వాచీ 700 చూపించిందని దిగాక రెండు ప్లేట్లు పునుగులు లాగించేస్తే లెక్క ఎటు పోతుందో మీకే తెలుసు.

టీఎస్‌ఎస్: ఎఫ్‌టీపీ దగ్గర గంట తొక్కితే 100 అని పెట్టుకున్న లెక్క. 120 వాట్లతో రెండు గంటలు తొక్కితే మీకు సుమారు 89 వస్తుంది. ఒళ్లు హూనమయ్యేలా 169 వాట్లతో ఒక్క గంట తొక్కినా 88 వస్తుంది. రెండూ ఒకటేనా? మర్నాడు పొద్దున మెట్లు దిగేటప్పుడు కాళ్లని అడగండి. పోయిన వారం కంటే ఒక్కసారిగా బాగా పెరిగిందా అని చూసుకోవడానికి పనికొస్తుంది, అంతవరకే. పైగా దీనికి ఆధారం ఎఫ్‌టీపీ. అది తప్పైతే ఇదీ తప్పే.

కిలోకి ఎన్ని వాట్లు: మీకు 2.2 వస్తుంది. కొండవీడు ఘాట్ ఎక్కేటప్పుడు దీని విలువ తెలుస్తుంది. చదును రోడ్డు బ్రెవేలో అంతగా పట్టించుకోనక్కర్లేదు. ఎడమ కుడి బ్యాలెన్సు: 48, 52 ఉండటం మామూలు విషయం, చూడటం మానేయండి.

స్క్రీన్ మీద లేని అంకె ఇంకొకటి, ఎండాకాలంలో మాత్రమే. ఎక్కే ముందు, దిగాక ఒళ్లు తుడుచుకుని బరువు చూసుకోండి. ఉదాహరణకి 82.0 కాస్తా 80.9 అయింది, మధ్యలో 600 మిల్లీలీటర్ల నీళ్లు తాగారు. అంటే చెమట రూపంలో పోయింది సుమారు 1.7 లీటర్లు. ఒంటి బరువులో 2 శాతం, అంటే మీకు 1.6 కిలోలు దాటి తగ్గుతుంటే నీళ్లు చాలడం లేదు. రెండు మూడుసార్లు కొలిస్తే మీ లెక్క తెలిసిపోతుంది, తర్వాత రోజూ అక్కర్లేదు. ఆ తగ్గింది కొవ్వని మాత్రం సంబరపడకండి. బీపీ ఉంది కాబట్టి ఓఆర్‌ఎస్, ఉప్పు కలిపిన డ్రింకులు ఎంతవరకు తాగొచ్చో డాక్టరునే అడగండి.

నేను తొక్కించేవాళ్ల నోటుబుక్కులో ఒక రోజు లైను ఇలా ఉంటుంది: "మంగళవారం. 60 నిమిషాలు. 121 వాట్లు. హార్ట్ రేటు 131, 136. గది 27, ఏసీ ప్లస్ ఫ్యాన్. మార్కు 4. కుడి మోకాలు కొంచెం." ఇంతకు మించి రాయరు. ఆ చివరి రెండు ముక్కల్నీ ఏ యాపూ తనంతట తాను చెప్పలేదు. మూడు వారాలు వరసగా "కుడి మోకాలు" కనిపిస్తే సీటు ఎత్తు చూస్తాం.

మీ మాత్ర పేరు, ట్రైనర్ టైరు మీద ఆనే రకమా డైరెక్ట్ డ్రైవా, గదిలో ఏసీ ఉందా లేదా, ఈ మూడూ రాయండి. వాటిని బట్టి మొదటి నాలుగు వారాలకి రోజువారీ వాట్లు, నిమిషాలు ఎలా పెట్టుకోవాలో ఇక్కడే చెబుతాను.